హైదరాబాద్ నుంచి దుబాయ్: దూరం ఒక్కటే, పోయేటప్పుడు ఒక టైం, వచ్చేటప్పుడు ఒక టైం ఎందుకు?

క్లుప్తంగా: హైదరాబాద్‌కూ దుబాయ్‌కీ మధ్య ఆకాశమార్గాన సుమారు 2,550 కిలోమీటర్ల దూరం. పోవడానికి దాదాపు 4 గంటలు, తిరిగి రావడానికి సుమారు మూడున్నర గంటలు పడుతుంది. టికెట్ మీది గడియారపు లెక్క చూస్తే మాత్రం పోయేటప్పుడు రెండున్నర గంటలే, వచ్చేటప్పుడు ఏకంగా ఐదు గంటలు అన్నట్టు కనిపిస్తుంది. ఇందులో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి రెండు దేశాల గడియారాల మధ్య ఉన్న గంటన్నర తేడా, రెండోది పై ఎత్తున పడమటి నుంచి వీచే గాలి. మొదటిది వట్టి లెక్క, రెండోది నిజంగానే ప్రయాణ సమయాన్ని మారుస్తుంది.

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల్లో గల్ఫ్‌కు ఎవరూ పోని ఊరు అరుదు. ఇంట్లో టికెట్ చేతికి రాగానే మొదట లెక్కపెట్టేది ఎప్పుడు ఎక్కుతారు, ఎప్పుడు దిగుతారు అని. అక్కడే తకరారు మొదలవుతుంది. ఒక చోట 1,585 అని ఉంటుంది, ఇంకో చోట 2,550 అని, మరో చోట 1,377 అని. సమయమూ అంతే. ఏది నిజం అంటే, చాలావరకు అన్నీ నిజమే. ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకు జవాబు.

దూరం ఎన్ని రకాలు

పైన చెప్పిన మూడు అంకెలూ ఒకే దూరం. 2,550 కిలోమీటర్లు, 1,585 మామూలు మైళ్లు, 1,377 నాటికల్ మైళ్లు. మామూలు మైలు అంటే 1.609 కిలోమీటర్లు, నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. పైలట్లు, నేల మీద నుంచి విమానాలకు దారి చెప్పే ఏటీసీ సిబ్బంది వాడేది నాటికల్ మైలే. పక్కన ఏ కొలత ఉందో చూడకుండా అంకె ఒక్కటే చదివితే గందరగోళం తప్పదు.

ఈ 2,550 కూడా రెండు విమానాశ్రయాల మధ్య భూమి ఉపరితలం వెంబడి అతి దగ్గర దారి. దీన్ని గ్రేట్ సర్కిల్ దూరం అంటారు. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి లాగితే అది ఎక్కడెక్కడ ఆనుతుందో అదే ఆ దారి. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి ఈ దారి మహారాష్ట్ర మీదుగా, ముంబైకి కాస్త ఉత్తరంగా తీరం దాటి, అరేబియా సముద్రం మీదుగా ఒమాన్ వైపు పోతుంది. ఇంత దూరానికి గోడ మీది మ్యాపులో గీసిన గీతకూ ఈ దారికీ పెద్ద తేడా ఉండదు. షికాగో లాంటి దూరపు ఊరికి మాత్రం తేడా బాగా తెలుస్తుంది. హైదరాబాద్ నుంచి షికాగోకి సుమారు 13,280 కిలోమీటర్లు. మ్యాపులో పడమర వైపు కనిపించే ఆ ఊరికి దగ్గర దారి నేరుగా ఉత్తరానికి పోయి ఆర్కిటిక్ ప్రాంతం మీదుగా దిగుతుంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా ఈ రెండు ఊళ్ల మధ్య నేరుగా విమానం నడిపింది, తర్వాత ఆ సర్వీసు ఆగిపోయింది.

అసలు విమానం మాత్రం ఈ అతి దగ్గర దారినే అచ్చంగా పట్టుకుని పోదు. ఆకాశంలోనూ నిర్ణయించిన దారులు, మలుపులు ఉంటాయి. సైనిక ప్రాంతాలను తప్పించాలి, ఉరుముల మబ్బులను చుట్టి పోవాలి, ఒక దేశపు ఏటీసీ నుంచి ఇంకో దేశపు ఏటీసీకి నిర్ణీత బిందువు దగ్గరే చేతులు మారాలి. అందుకని నిజంగా ఎగిరే దూరం ఎప్పుడూ కాస్త ఎక్కువే.

నేల మీది దారులతో పోలిస్తే ఈ అదనం చాలా తక్కువ. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఆకాశమార్గాన సుమారు 1,260 కిలోమీటర్లు. రోడ్డు మీద నాగపూర్ మీదుగా 1,500 దాటుతుంది, రైల్లో 1,600 పైమాటే. విశాఖకు ఆకాశంలో సుమారు 510, రోడ్డున 600 పైన, రైలు విజయవాడ చుట్టి పోవాలి కాబట్టి దాదాపు 700. కొండ, నది, ఊరు ఏది అడ్డొచ్చినా నేల మీది దారి వంగుతుంది.

గడియారం చేసే మాయ

భారతదేశమంతటికీ ఒకటే టైం. తూర్పు రేఖాంశం 82 డిగ్రీల 30 నిమిషాల గీత దీనికి ఆధారం, ఆ గీత కాకినాడకు దగ్గరగానే పోతుంది. యూఏఈ గడియారానికి ఆధారం 60 డిగ్రీల రేఖాంశం. రెండింటికీ మధ్య ఇరవై రెండున్నర డిగ్రీలు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి ఆ తేడా సరిగ్గా గంటన్నర. హైదరాబాద్‌లో పది గంటలైనప్పుడు దుబాయ్‌లో ఇంకా ఎనిమిదిన్నరే.

టికెట్ మీద బయలుదేరే టైం బయలుదేరే ఊరిది, చేరే టైం చేరే ఊరిది. ఇదే చాలామందికి తెలియని సంగతి. ఉదాహరణకు శంషాబాద్‌లో పొద్దున 10:00కి బయలుదేరిన విమానం నాలుగు గంటల తర్వాత దిగిందనుకుందాం. మన టైం ప్రకారం అప్పుడు మధ్యాహ్నం 2:00. దుబాయ్ గోడ గడియారం మాత్రం 12:30 చూపిస్తుంది. టికెట్ మీద 10:00, 12:30 అని పక్కపక్కనే చూసినవాళ్లకు ప్రయాణం రెండున్నర గంటలే అనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో దుబాయ్‌లో రాత్రి 10:00కి ఎక్కితే మూడున్నర గంటల తర్వాత అక్కడ 1:30, ఇక్కడ తెల్లవారుజామున 3:00. టికెట్ ప్రకారం ఐదు గంటలు. తారీఖు కూడా మారిపోతుంది.

దీన్ని సరిచేసుకోవడం తేలికే. పోయేటప్పుడు టికెట్ మీది తేడాకు గంటన్నర కలపాలి, వచ్చేటప్పుడు గంటన్నర తీసేయాలి. ఇంకో చిట్కా కూడా ఉంది. రానూ పోనూ రెండు తేడాలనూ కలిపేస్తే గడియారాల తేడా దానంతట అదే కొట్టేసుకుపోతుంది. రెండున్నర, ఐదు కలిపితే ఏడున్నర గంటలు. నాలుగు, మూడున్నర కలిపినా అంతే. అంటే రానూ పోనూ పట్టే అసలు సమయం టికెట్ నుంచే, టైం జోన్ ఏదో తెలియకపోయినా, లెక్కకట్టవచ్చు.

ఒమాన్‌కు కూడా దుబాయ్ టైమే. సౌదీ, కువైట్, ఖతార్, బహ్రెయిన్‌లలో తేడా రెండున్నర గంటలు. ఈ దేశాల్లో ఏడాది పొడవునా ఒకటే టైం. లండన్ అలా కాదు. మార్చి చివరి ఆదివారం గడియారం గంట ముందుకు, అక్టోబర్ చివరి ఆదివారం మళ్లీ గంట వెనక్కి జరుపుతారు. అందుకే మనకూ లండన్‌కూ చలికాలంలో ఐదున్నర గంటలు, ఎండాకాలంలో నాలుగున్నర గంటల తేడా.

వీటన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది అర్ధరాత్రి టికెట్. 25వ తేదీ 00:40 అని రాసి ఉంటే అది 24వ తేదీ రాత్రి అన్నమాట. 24న రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నరకల్లా శంషాబాద్‌లో ఉండాలి. 25 రాత్రి కదా అని ఆ రోజు సాయంత్రం ఇంట్లో భోజనం చేసి బయలుదేరితే, విమానం వెళ్లిపోయి అప్పటికే దాదాపు ఒక రోజు గడిచి ఉంటుంది. అప్పు చేసి కొన్న టికెట్ ఇలా పోతే ఆ ఇంటి మీద పడే భారం చిన్నది కాదు. గల్ఫ్ విమానాల్లో చాలా భాగం రాత్రిపూటవే కాబట్టి ఏజెంట్లు టికెట్ ఇచ్చేటప్పుడు ఈ ఒక్క మాటా గట్టిగా చెప్పాలి.

అరగంట తేడా ఎక్కడిది

గడియారాల తేడా తీసేశాక కూడా ఒకవైపు నాలుగు గంటలు, ఇంకోవైపు మూడున్నర. ఈ అరగంట మాత్రం అసలైనది.

చాలామంది దీనికి భూమి తిరగడాన్ని కారణంగా చెబుతుంటారు. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతుంది కదా, విమానం పైకి లేచి పడమటికి పోతే ఊరే ఎదురొచ్చి తొందరగా చేరాలి కదా అని వాదన. జరిగేది దానికి సరిగ్గా తలకిందులు, పడమటికి పోయేటప్పుడే ఎక్కువసేపు పడుతుంది. కారణం, భూమితో పాటే గాలి కూడా తిరుగుతుంది. ఆ గాలిలో ఉన్న విమానమూ ఆ తిరుగుడులో భాగమే. లెక్కలోకి వచ్చేది నేలతో పోలిస్తే గాలి ఎటు కదులుతోందన్నదే.

భూమధ్యరేఖ దగ్గర వేడెక్కి పైకి లేచిన గాలి ధ్రువాల వైపు సాగుతుంది. భూమధ్యరేఖ దగ్గర నేల వేగంగా తిరుగుతుంది, ఉత్తరానికి పోయేకొద్దీ ఆ వేగం తగ్గుతుంది. దక్షిణం నుంచి వచ్చిన గాలి తన పాత వేగాన్ని వెంటబెట్టుకు వస్తుంది కాబట్టి తూర్పు వైపు ముందుకు దూసుకుపోతుంది. అలా పుట్టే బలమైన పడమటి గాలుల పట్టీనే జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో ఇది ఉత్తర భారతం, అరేబియా మీదుగా దాదాపు 12 కిలోమీటర్ల ఎత్తున వీస్తుంది. మన విమానాలు ఎగిరేది 10 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో కాబట్టి ఈ గాలితో నేరుగా పని పడుతుంది. హైదరాబాద్ దగ్గర బలం తక్కువ, దుబాయ్ దగ్గరపడేకొద్దీ ఎక్కువ.

లెక్క వేసి చూస్తే ఇది ఏటికి ఎదురీదే పడవ సంగతే. ఎయిర్‌బస్ ఎ320 రకం విమానం గాలిలో గంటకు సుమారు 830 కిలోమీటర్ల వేగంతో పోతుంది. గంటకు 80 కిలోమీటర్ల గాలి ఎదురైతే నేల మీద వేగం 750కి పడిపోతుంది, 2,550 కిలోమీటర్లకు 3 గంటల 24 నిమిషాలు. అదే గాలి వెనక నుంచి తోస్తే వేగం 910, సమయం 2 గంటల 48 నిమిషాలు. తేడా 36 నిమిషాలు. టికెట్ల మీద కనిపించే అరగంట ఇదే.

పోయేటప్పుడు పోయింది వచ్చేటప్పుడు తిరిగి వస్తుందిలే అనుకుంటారు, కానీ పూర్తిగా రాదు. గాలే లేకపోతే రానూ పోనూ 6 గంటల 9 నిమిషాలు. 80 కిలోమీటర్ల గాలి ఉంటే 6 గంటల 12 నిమిషాలు. గాలి 160 అయితే 6 గంటల 23 నిమిషాలు. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉండాల్సి వస్తుంది, తోడుగాలిలో తక్కువసేపే ఉంటాం, అందుకే లెక్క ఎప్పుడూ కాస్త నష్టం వైపే తేలుతుంది. నిమిషాలుగా చూస్తే చిన్న సంగతే అనిపిస్తుంది. ఏడాది పొడవునా రోజూ తిరిగే విమానాలకు అది ఇంధనం ఖర్చు.

వానాకాలంలో బొమ్మ మారిపోతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పడమటి జెట్ హిమాలయాలకు ఉత్తరంగా జరిగిపోతుంది. దక్షిణ భారతం మీద చాలా ఎత్తున తూర్పు నుంచి పడమరకు వీచే ఇంకో ప్రవాహం ఏర్పడుతుంది. ఈ తూర్పు జెట్‌ను 1950లలో శాస్త్ర ప్రపంచానికి వివరించిన వ్యక్తి పి. కోటేశ్వరం, తెలుగువాడు, తర్వాతి కాలంలో భారత వాతావరణ శాఖకు అధిపతిగా పనిచేశారు. మన రుతుపవనాల అధ్యయనంలో ఇంత పెద్ద పాత్ర ఉన్న ఈయన పేరు తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఇంకా పెద్దగా వినిపించాల్సింది. ఈ ప్రవాహపు గట్టి భాగం విమానాలు ఎగిరే ఎత్తుకు ఇంకా పైనే ఉంటుంది, అయినా దాని ప్రభావం కిందికీ దిగుతుంది. అందుకే వానాకాలంలో హైదరాబాద్, దుబాయ్ మధ్య రాకపోకల సమయాల తేడా తగ్గుతుంది.

ఢిల్లీ దారిలో ఈ గొడవ ఎందుకు పెద్దగా కనిపించదంటే, ఆ దారి దక్షిణం నుంచి ఉత్తరానికి పోతుంది. పడమటి గాలి పక్క నుంచి తగులుతుంది. పోయినా వచ్చినా ఇంచుమించు రెండుంబావు గంటలే.

టికెట్ టైంలో ఏముంటుంది

ఇందాక లెక్క వేస్తే ఎదురుగాలిలో కూడా 3 గంటల 24 నిమిషాలే వచ్చింది. టికెట్ మీద నాలుగు గంటలు ఎందుకుంది?

టికెట్ మీది టైం విమానం ఎగిరే సమయం కాదు. ఇక్కడ గేటు దగ్గర నుంచి చక్రం కదిలిన క్షణం నుంచి అక్కడ గేటు దగ్గర ఆగేదాకా పట్టే సమయం. రన్‌వే దాకా నేల మీద నడవడం, తన వంతు కోసం ఆగడం, దిగాక మళ్లీ గేటు దాకా రావడం అన్నీ అందులోనే. దుబాయ్ లాంటి రద్దీ విమానాశ్రయంలో దిగడానికి ముందు ఆకాశంలోనే కొంతసేపు చుట్లు తిరగాల్సి రావచ్చు.

పైకి లేచేటప్పుడు, దిగేటప్పుడు వేగమూ తక్కువే. 10,000 అడుగుల లోపు మామూలుగా 250 నాట్లు, అంటే గంటకు 463 కిలోమీటర్లు దాటకూడదు. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. విమానం గాలికి ఎదురుగానే లేవాలి. చలికాలంలో నేల దగ్గర గాలి తూర్పు నుంచి వీచే రోజున దుబాయ్ విమానం ముందు తూర్పు ముఖంగా, అంటే పోవాల్సిన దిక్కుకు వ్యతిరేకంగా లేచి, పైన చుట్టు తిరిగి పడమటికి మళ్లుతుంది. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకు సూర్యుడు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మారడం కనిపిస్తుంది. నైరుతి గాలుల రోజుల్లో ఆ చుట్టు తప్పుతుంది.

వీటికి తోడు విమానయాన సంస్థలు కొంత అదనపు టైం కలిపే టైంటేబుల్ వేస్తాయి. నిర్ణీత సమయానికి 15 నిమిషాల లోపు ఉంటే సమయపాలన లెక్కల్లో ఆ విమానం టైంకు నడిచినట్టే. పది నిమిషాలు ఆలస్యంగా కదిలిన విమానం ముందే చేరిందంటే పైలట్ వేగంగా తోలాడని కాదు, టైంటేబుల్‌లో ఆ వెసులుబాటు ముందే ఉంది.

దూరం తగ్గేకొద్దీ ఈ నేల మీది సమయం వాటా పెరుగుతుంది. టికెట్ టైంతో దూరాన్ని భాగిస్తే విశాఖ విమానం గంటకు 400 కిలోమీటర్లు కూడా దాటదు. ఢిల్లీ విమానం 560 దగ్గర ఉంటుంది, దుబాయ్ పోయేది 640, లండన్ పోయేది 700 పైన. విమానాల అసలు వేగాల్లో ఇంత తేడా లేదు. విజయవాడ, రాజమండ్రి లాంటి ఊళ్లకు తిరిగే చిన్న ఏటీఆర్ విమానాలు మాత్రం నిజంగానే నెమ్మది, గంటకు 500 కిలోమీటర్ల దరిదాపుల్లో. గంట లోపు ప్రయాణంలో ఆ తేడా పెద్దగా తెలియదు.

మూసిన ఆకాశం

2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని భారత విమానాలకు మూసేసింది, ఆ తర్వాత నెల నెలా పొడిగిస్తూ పోయింది. అదే నెల 30న భారత్ కూడా పాకిస్తాన్ విమానాలకు మూసేసింది. 2019 ఫిబ్రవరిలో బాలాకోట్ దాడి తర్వాత కూడా ఇలాగే మూసి, జులైలో తెరిచారు.

హైదరాబాద్, దుబాయ్ దారి పాకిస్తాన్ భూభాగం మీదుగా పోదు. ముంబై పక్క నుంచి సముద్రం మీదికి పోతుంది కాబట్టి ఈ మూసివేత ఇక్కడి గల్ఫ్ ప్రయాణికులను పెద్దగా తాకలేదు. ఢిల్లీ వాళ్ల పరిస్థితి వేరు. దుబాయ్‌కి ఢిల్లీ నుంచి దూరం సుమారు 2,190 కిలోమీటర్లే, మన కన్నా 360 తక్కువ. కానీ ఆ దగ్గర దారి పాకిస్తాన్ మీదుగా పోతుంది. గుజరాత్ దాకా దక్షిణానికి వచ్చి సముద్రం మీదుగా చుట్టి పోతే ఎలా లేదన్నా 200 కిలోమీటర్లు కలుస్తాయి, దగ్గరగా ఉన్న లాభంలో సగానికి పైగా పోతుంది.

గల్ఫ్‌లోనే గొడవ జరిగితే మాత్రం హైదరాబాద్‌కు ఏ మినహాయింపూ ఉండదు. 2025 జూన్ 23న ఇరాన్ క్షిపణి దాడి సమయంలో ఖతార్ కొన్ని గంటలు తన గగనతలాన్ని మూసింది. అలాంటప్పుడు దారిలో ఉన్న విమానాలు వెనక్కి మళ్లడమో, వేరే ఊళ్లో దిగడమో తప్ప ఇంకో దారి లేదు.

ఇంటి నుంచి లెక్క

రెండు ఊళ్ల మధ్య దూరం అని చూపించేది నిజానికి రెండు విమానాశ్రయాల మధ్య దూరం. 2008 మార్చిలో బేగంపేట నుంచి శంషాబాద్‌కు విమానాలు మారినప్పుడు దుబాయ్ దూరంలో చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు. సికింద్రాబాద్ వాసి ప్రయాణం మాత్రం గంట దాకా పెరిగింది. విశాఖకూ ఇదే వర్తిస్తుంది. పాత విమానాశ్రయం ఊరిని ఆనుకునే ఉంది, కొత్త విమానాశ్రయానికి ఎంచుకున్న భోగాపురం ఊరికి నలభై కిలోమీటర్లకు పైగా దూరం. వందే భారత్ రైలు సికింద్రాబాద్ నుంచి విశాఖకు ఎనిమిదిన్నర గంటల్లో తీసుకెళ్తుంది. విమానం టికెట్ మీద గంటా ఇరవై నిమిషాలే ఉన్నా, శంషాబాద్ దాకా గంట, అక్కడ రెండు గంటలు, దిగాక సామాను, మళ్లీ రోడ్డు అన్నీ కలిపితే ఐదారు గంటలవుతుంది. విమానమే ముందు చేరుతుంది, కానీ టికెట్ల మీద చూసినంత తేడాతో కాదు.

జగిత్యాల నుంచి దుబాయ్ పోయే మనిషికి శంషాబాద్ చేరడానికే నాలుగైదు గంటలు కావాలి. అంతర్జాతీయ ప్రయాణానికి మూడు గంటల ముందు రమ్మంటారు, కౌంటర్లు సాధారణంగా గంట ముందే మూసేస్తారు. ఈసీఆర్ (పనికి విదేశం పోవాలంటే ఎమిగ్రేషన్ అనుమతి కావాలనే) ముద్ర ఉన్న పాస్‌పోర్టుతో పనికి పోయేవాళ్లకు ఇమిగ్రేషన్ దగ్గర కాగితాల పరిశీలన ఇంకాస్త ఎక్కువ. అక్కడ దిగాక మళ్లీ గంట. మొత్తం పన్నెండు గంటలకు తక్కువ కాదు. ఇందులో ఆకాశంలో గడిచేది మూడో వంతు కూడా ఉండదు.